డౌన్‌లోడ్ చేసినందుకు కాదు, అప్‌లోడ్ అయినందుకు: అమెరికా క్యాంపస్‌లో కాపీరైట్ నోటీసు ఎలా పుడుతుంది?

ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాలకు బయల్దేరే మన విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే వస్తువొకటుంది: తెర కింద మూలన, గడియారం పక్కన నక్కి ఉండే టోరెంట్ ప్రోగ్రాం, అంటే జనం ఫైళ్లను ఒకరితో ఒకరు నేరుగా పంచుకునే సాఫ్ట్‌వేర్. ఎప్పుడో ఇంటి దగ్గర ఓ సినిమా కోసం వేసుకున్నది. కంప్యూటర్ లేచినప్పుడల్లా అదీ లేస్తుంది. డార్మ్ వైఫై తగలగానే ఆ పాత సినిమాను మళ్లీ అందరికీ పంచడం మొదలుపెడుతుంది. కొద్దిరోజులకు యూనివర్సిటీ ఐటీ విభాగం నుంచి మెయిలొస్తుంది: మీ ఖాతా మీద కాపీరైట్ ఫిర్యాదు అందింది, నెట్ ఆపేశాం, ఫలానా తేదీలోగా స్పందించండి. ‘నేనిక్కడికొచ్చాక ఏమీ దించుకోలేదే’ అంటాడు విద్యార్థి. అది నిజమే కావచ్చు. కాకపోతే ఆ ఫిర్యాదు దించుకోవడం గురించి కాదు.

ముక్కల లెక్క

టోరెంట్‌లో ఫైలు ఒక్క చోటినుంచి రాదు. దాన్ని సమాన ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క మామూలుగా 256 కిలోబైట్ల నుంచి కొన్ని మెగాబైట్ల దాకా ఉంటుంది. 4 జీబీ సినిమాను 4 ఎంబీ చొప్పున కోస్తే సుమారు వెయ్యి ముక్కలు. ఒక్కో ముక్కకూ ఒక హాష్, అంటే అందులోని డేటానుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి కోడు, ఉంటుంది, మొత్తం టోరెంట్‌కు ఇంకో హాష్ ఉంటుంది. టోరెంట్‌ను తెరిచే మ్యాగ్నెట్ లింకులో కనిపించే పొడవాటి అక్షరాల వరస ఈ రెండోదే. మొదటి తరం టోరెంట్లలో అది 40 అక్షరాలు.

ఒక ముక్క పూర్తిగా వచ్చి హాష్‌తో సరిపోయిందో లేదో, మీ ప్రోగ్రాం అదే ఫైలును పంచుకుంటున్న గుంపులో మిగతావాళ్లకు ‘ఈ ముక్క నా దగ్గరుంది’ అని చాటేస్తుంది. అడిగినవాళ్లకు ఇచ్చేస్తుంది. సినిమా పది శాతం వచ్చేసరికే ఆ పది శాతాన్నీ పంచుతూ ఉంటుంది. ఇచ్చేవాళ్లకే ముందు దొరికేలా ఈ పద్ధతిని రూపొందించారు, కాబట్టి ఇది లోపం కాదు, దాని ప్రాణమే అది. పూర్తయ్యాక కూడా మీరు ఆపేదాకా పంచుతూనే ఉంటుంది.

చట్టం వైపునుంచి చూస్తే, అమెరికా కాపీరైట్ చట్టం 106వ సెక్షన్లో కాపీ తీసే హక్కు వేరు, జనానికి పంపిణీ చేసే హక్కు వేరు. దించుకుంటే మొదటిది దెబ్బతింటుంది, పంచితే రెండోది. నిఘా పెట్టిన సంస్థలకు బయటినుంచి సులువుగా కనబడేది రెండోదే.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే సంగతులు రెండున్నాయి. అప్‌లోడ్ వేగం దగ్గర సున్నా పెట్టి, ఇక పంచడం ఆగిపోయిందనుకుంటారు. క్యూబిట్‌టోరెంట్‌తో సహా చాలా ప్రోగ్రాముల్లో సున్నా అంటే ‘పరిమితి లేదు’ అని అర్థం! రెండోది, పాప్‌కార్న్ టైమ్ తరహా యాప్‌లు. పైకి స్ట్రీమింగ్‌లా ఉంటాయి, లోపల నడిచేది టోరెంటే. చూస్తున్నంతసేపూ మీ కంప్యూటర్ పంచుతూనే ఉంటుంది. ‘చూశానంతే, దాచుకోలేదు’ అన్న మాటకు అక్కడ విలువ లేదు.

ఐపీ అడ్రసు నుంచి మీ పేరు దాకా

స్టూడియోలు, మ్యూజిక్ కంపెనీలు కుదుర్చుకున్న నిఘా సంస్థలు మీ ల్యాప్‌టాప్‌లోకి చొరబడాల్సిన పనే లేదు. మామూలు సభ్యుల్లా ఆ గుంపులో చేరి, ఎవరు ఏ ముక్కలున్నాయని చాటుతున్నారో రాసుకుంటాయి. ఐపీ అడ్రసు (నెట్‌లో మీ చిరునామా), పోర్టు నంబరు (ఆ చిరునామాలో ఏ కనెక్షనో చెప్పే అంకె), సెకన్లతో సహా సమయం, హాష్, ఫైలు పేరు చాలు. ఆ ఐపీ ఏ యూనివర్సిటీదో బహిరంగ రిజిస్ట్రీలో ఉంటుంది కనుక నోటీసు అక్కడికి చేరుతుంది. అందులో మీ పేరుండదు. పేరు తేల్చేది యూనివర్సిటీయే.

క్యాంపస్‌లో వేలమంది కొద్దిపాటి బయటి ఐపీల వెనక ఉంటారు. దీన్ని నాట్ అంటారు. ఫలానా క్షణంలో ఫలానా పోర్టు లోపలి ఏ చిరునామాదో నాట్ లాగ్ (రికార్డు) చెబుతుంది. ఆ లోపలి చిరునామా అప్పుడు ఏ పరికరానికిచ్చారో, చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీ లాగ్ చెబుతుంది. వైఫైకి ఎవరి యూజర్‌నేమ్‌తో కలిశారో లాగిన్ రికార్డులో ఉంటుంది. మూడూ కలిస్తే పేరొస్తుంది. ఫోన్లు వైఫైకి మారుపేరు మ్యాక్ అడ్రసు (పరికరం గుర్తింపు సంఖ్య) చూపించే సదుపాయం ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఉంది. కానీ విశ్వవిద్యాలయాల ఉమ్మడి వైఫై ఎడ్యురోమ్‌లాంటి నెట్‌వర్కులో మీరు మీ పేరుతోనే లాగిన్ అవుతారు కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ గొలుసు ఎక్కడ తెగుతుందో కూడా తెలిసుండాలి, ఎందుకంటే తప్పుడు నోటీసులూ వస్తాయి. అన్నిటికంటే మామూలు తప్పు సమయానిది. నోటీసులో సమయం సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో, ఉంటుంది. అక్టోబర్ 12, 02:40 యూటీసీ అంటే డాలస్‌లో అక్టోబర్ 11 రాత్రి 9:40. ఈ ఐదు గంటల తేడా మరిచి లాగ్ వెతికితే దొరికేది ఇంకెవరి పేరో. పోర్టు నంబరు లేని నోటీసైతే నాట్ వెనక ఒక్కరిని వేలెత్తి చూపడం దాదాపు కుదరదు. 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు ఇంకో విచిత్రం చేసి చూపించారు. ట్రాకర్ (గుంపులో ఎవరెవరున్నారో చెప్పే సర్వర్) చెప్పిన ఐపీల జాబితాను మాత్రమే నమ్ముకుంటే ఎవరైనా ఇంకొకరి ఐపీని అందులో చేర్పించవచ్చు. అలా వాళ్లు ప్రింటర్ల పేరిట కూడా నోటీసులు తెప్పించారు. పాపం ప్రింటర్ ఏ సినిమా చూస్తుంది! అందుకే ‘నేను కాదు’ అని మీకు ఖాయంగా తెలిస్తే, సమయాన్ని ఏ ప్రాంతకాలంలో చూశారు, పోర్టు నంబరుందా, ఏ పరికరం తేలింది అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

మీ లాగిన్ స్నేహితుడికి ఇచ్చినా, గదిలో సొంత రౌటర్ పెట్టి నలుగురికి పంచినా, నెట్‌వర్క్ కంటికి ఆ నలుగురూ మీరే. లైబ్రరీ కోసం వేసుకునే యూనివర్సిటీ వీపీఎన్‌తోనూ జాగ్రత్తగా ఉండాలి. అది మీ ట్రాఫిక్ మొత్తాన్నీ క్యాంపస్ మీదుగా పంపే రకమైతే, అపార్ట్‌మెంట్‌లో నడిచే టోరెంట్ కూడా బయటికి యూనివర్సిటీ ఐపీతోనే కనబడుతుంది.

యూనివర్సిటీ ఎందుకు పట్టించుకుంటుంది?

1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏలోని 512వ సెక్షన్ నెట్ సేవలిచ్చేవాళ్లకు రక్షణ ఇచ్చింది: మీ తీగల మీదుగా ఎవరో చేసిన ఉల్లంఘనకు మీ మీద నష్టపరిహారం పడదు, కానీ కొన్ని షరతులున్నాయి. వాటిలో ముఖ్యమైనది, పదేపదే ఉల్లంఘించేవాళ్ల ఖాతాలు తీసేసే విధానం ఒకటి పెట్టుకుని నిజంగా అమలు చేయడం. కాక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీ పదేపదే ఉల్లంఘించినవాళ్లను సరిగా కట్టడి చేయలేదని 2019లో జ్యూరీ వంద కోట్ల డాలర్ల పరిహారం విధించింది. 2024లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంత పెద్ద అంకె ఒకసారి విన్నాక ఏ యూనివర్సిటీ లాయరూ నోటీసులను చెత్తబుట్టలో వేయమని సలహా ఇవ్వడు.

యూనివర్సిటీలకు ప్రత్యేకంగా ఇంకో ముడి ఉంది. 2008లో వచ్చిన ఉన్నత విద్య చట్టం ప్రకారం, విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం అందే సంస్థలు ఏటా కాపీరైట్ హెచ్చరిక పంపాలి, అక్రమ పంపిణీని అడ్డుకునే రాతపూర్వక ప్రణాళిక పెట్టుకోవాలి, వీలైనంత మేరకు చట్టబద్ధమైన ప్రత్యామ్నాయాలు చూపించాలి. ప్రణాళికలో కనీసం ఒక సాంకేతిక చర్య ఉండాలి: బ్యాండ్‌విడ్త్ తగ్గించడం, ట్రాఫిక్ గమనించడం, నోటీసులు స్వీకరించి చర్య తీసుకోవడం, అడ్డుకునే సాఫ్ట్‌వేర్ పెట్టడం, వీటిలో ఏదైనా. ఈ నిబంధనలు 2010 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. సెమిస్టర్ మొదట్లో వచ్చే, ఎవరూ తెరవని ఆ పొడవాటి మెయిల్ వెనకున్నది ఇదే. ఫెడరల్ సాయం పోతే యూనివర్సిటీ గడవదు. మీ సినిమా మీద వాళ్లకు వ్యక్తిగత ద్వేషమేమీ లేదు.

మెయిల్ వచ్చాక

ముందు అది నిజమైనదేనా చూడండి. డబ్బు కట్టమనే నకిలీ నోటీసులు తిరుగుతుంటాయి. మెయిల్లోని లింకు నొక్కకుండా, యూనివర్సిటీ ఐటీ సైటుకు సొంతంగా వెళ్లి కేసు నంబరు సరిచూసుకోండి, లేదా హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయండి. గిఫ్ట్ కార్డులు, క్రిప్టో అడిగితే అది మోసమే.

నిజమైనదైతే టోరెంట్ ప్రోగ్రాంను కిటికీ మూసి వదిలేయొద్దు. చాలావాటిలో ఇంటూ గుర్తు నొక్కితే అవి మూలన చేరి నడుస్తూనే ఉంటాయి. మెనూలోంచి పూర్తిగా బయటికి రండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ యాప్‌ల పట్టీలో దాన్ని ఆపండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, లాగిన్ ఐటమ్స్. ఆ తరవాత నోటీసులో చెప్పిన ఫైలును తీసేయండి. ప్రోగ్రాం జాబితాలోంచి పేరు తీసేస్తే డిస్కులో ఫైలు అలాగే ఉంటుంది, రెండూ చూసుకోవాలి. అడిగిన వాంగ్మూలం నింపి గడువులోగా పంపండి. మొదటిసారికి చాలాచోట్ల ఇంతే: ఓ చిన్న క్విజ్ రాయించి నెట్ మళ్లీ కలుపుతారు. కొన్నిచోట్ల కలపడానికి రుసుము ఉంటుంది. రెండోసారి విద్యార్థుల ప్రవర్తన విభాగానికి పోతుంది, మూడోసారికి నెట్ నెలల తరబడి పోవచ్చు. జవాబివ్వకుండా కూర్చుంటే మాత్రం గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టే.

కౌంటర్ నోటీసు, అంటే ఫిర్యాదు తప్పని చెప్పే జవాబు, పంపితే పదిహేను రోజుల్లో అంతా సర్దుకుంటుందని కొందరు సలహా ఇస్తుంటారు. అది వేరే సందర్భానిది. మీరు యూనివర్సిటీ సర్వర్‌లో, అంటే కోర్సు పేజీలోనో సొంత వెబ్‌సైటులోనో పెట్టినదాన్ని తొలగించినప్పుడు కౌంటర్ నోటీసు ఇస్తే, హక్కుదారు దావా వేయనిపక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. టోరెంట్‌లో యూనివర్సిటీ దారి మాత్రమే. అక్కడ తిరిగి పెట్టడానికి ఏమీ ఉండదు. అక్కడ మీ అభ్యంతరం యూనివర్సిటీ సొంత విచారణ పద్ధతిలోనే చెప్పుకోవాలి.

ఎఫ్-1 వీసా సంగతి. నోటీసు ఒక్కటే మీ వీసా హోదాను మార్చదు. క్రమశిక్షణ చర్యగా సస్పెండ్ చేస్తే మాత్రం పూర్తిస్థాయి చదువు తెగిపోతుంది. అప్పుడు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం దాన్ని విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ సెవిస్‌లో నమోదు చేయక తప్పదు. ప్రవర్తన విభాగం నుంచి పిలుపొస్తే వాళ్లతో మాట్లాడటం ఆలస్యం చేయకండి.

నోటీసు వేరు, దావా వేరు

నోటీసులో భయపెట్టే అంకెలుంటాయి. అవి కల్పన కాదు. చట్టబద్ధ నష్టపరిహారం ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా. బోస్టన్ యూనివర్సిటీ విద్యార్థి జోయెల్ టెనెన్‌బామ్ మీద 2009లో 30 పాటలకు 6,75,000 డాలర్ల తీర్పొచ్చింది. అంటే పాటకు 22,500. అప్పీళ్ల తరవాత 2013లో కూడా ఆ మొత్తమే నిలిచింది.

ఆ రోజుల్లో రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్‌ఐఏఏ నేరుగా క్యాంపస్‌ల మీద పడింది. 2007 ఫిబ్రవరిలో మొదటి విడతగా 13 యూనివర్సిటీలకు 400 రాజీ లేఖలు పంపి, వాటిని ఆయా ఐపీల వెనకున్న విద్యార్థులకు చేర్చమంది. పేర్లు నేరుగా తెలుసుకోలేకపోవడానికి కారణం 2003 నాటి వెరిజాన్ తీర్పు. సమాచారాన్ని మోసే దారిగా మాత్రమే ఉన్న నెట్ సంస్థ నుంచి, దావా వేయకుండా క్లర్క్ సంతకంతో వచ్చే, వివరాలివ్వమని ఆదేశించే సబ్‌పోనాతో పేర్లు రాబట్టకూడదని అప్పీలు కోర్టు చెప్పింది. దాంతో పేరు తెలియని వ్యక్తి మీద ముందు దావా వేసి, ఆ తరవాత కోర్టు ద్వారానే పేరు అడగాల్సొచ్చింది. 2008 చివర్లో ఆ సంఘం పాటల కోసం మూకుమ్మడి దావాలు మానేస్తున్నట్టు ప్రకటించింది. నోటీసులు మాత్రం ఆగలేదు, ఇతర హక్కుదారుల దావాలూ ఆగలేదు.

కోర్టు సబ్‌పోనా వస్తే యూనివర్సిటీ మీ వివరాలివ్వాల్సి రావచ్చు. ఫెర్పా అనే విద్యార్థి గోప్యత చట్టం కింద, ఇచ్చేముందు మీకు తెలియజేయడానికి తగిన ప్రయత్నం చేయాలి. ఆ లేఖ వచ్చాక చేయాల్సింది నోటీసప్పటికి పూర్తిగా ఉల్టా. నోటీసుకు ఫైలు తీసేయాలి. దావా, సబ్‌పోనా, సాక్ష్యం భద్రపరచమనే లేఖ, వీటిలో ఏదొచ్చినా ఏదీ తుడవకూడదు. కంగారులో డిస్కు ఫార్మాట్ చేస్తే అసలు తప్పు కంటే సాక్ష్యం చెరిపిన తప్పు పెద్దదవుతుంది. చాలా క్యాంపస్‌లలో విద్యార్థుల న్యాయ సహాయ కేంద్రం ఉంటుంది. లేఖలో ఉన్న చెల్లింపు లింకు జోలికి పోకుండా ముందు అక్కడికి వెళ్లండి.

2022 జూన్‌లో మొదలైన, చిన్న కాపీరైట్ తగాదాలను కోర్టు బయట తేల్చే కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు ఇంకో దారి. గరిష్ఠ పరిహారం 30,000 డాలర్లు. ఇందులో పాల్గొనడం ఐచ్ఛికమే, కానీ కాగితాలు అందాక 60 రోజుల్లో ‘నాకొద్దు’ అని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే.

మన సినిమాలకు ఇవన్నీ వర్తిస్తాయా? వర్తిస్తాయి. భారత్, అమెరికా రెండూ బెర్న్ అనే అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఉన్నాయి. నోటీసు పంపడానికి అమెరికాలో నమోదు అక్కర్లేదు. దావాకు కూడా విదేశీ కృతికి ముందస్తు నమోదు షరతు లేదు. పైన చెప్పిన పెద్ద అంకెల పరిహారం కోరాలంటే మాత్రం సకాలంలో నమోదై ఉండాలి.

క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. నలుగురు కుర్రాళ్లు, ఒకడి పేరున నెట్ కనెక్షన్. ఎవరు పంచినా నోటీసు అతనికే వస్తుంది. ఐపీ ఎవరి పేరునుందన్న ఒక్క ఆధారంతో ఉల్లంఘించింది అతనేనని దావా నిలబడదని 2018లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. అయినా ఆ మాట కోర్టులో చెప్పించుకోవడానికి లాయరు ఖర్చు అతనిదే. కనెక్షన్ ఎవరి పేరునుందో వాళ్లు ఇంట్లో టోరెంట్ వద్దని మొదటిరోజే గట్టిగా చెప్పాలి. మొహమాటపడితే నష్టం వాళ్లదే.

పుస్తకాలు, పేపర్లు

సినిమా తప్పని అందరికీ తెలుసు. పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టడం దగ్గర మాత్రం మనవాళ్లకు చేతులాడతాయి. ‘చదువు కోసమే కదా’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. దానికి మన దగ్గర కొంత ఆధారం కూడా ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో దావా వేశాయి. బోధనకు అవసరమైన మేరకు కాపీలు తీయడాన్ని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2016లో తేల్చింది, పేజీల పరిమితి పెట్టలేదు. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు.

ఆ తీర్పు విమానం ఎక్కి రాదు. అమెరికాలో ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా తప్పుకాని వాడకం) అంటే నాలుగు అంశాలను కలిపి తూచడం: వాడకం ఉద్దేశం, కృతి స్వభావం, ఎంత భాగం తీసుకున్నారు, మార్కెట్‌కు ఎంత దెబ్బ. ‘పది శాతం దాకా పర్వాలేదు’ అన్న మాట అంతటా వినిపిస్తుంది. జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, సేజ్ 2008లో వేసిన దావాలో కింది కోర్టు నిజంగానే పది శాతం లేదా ఒక అధ్యాయం అనే కొలత వాడింది. 2014లో అప్పీలు కోర్టు, అలా యాంత్రికంగా కొలవకూడదు, ఒక్కొక్కటీ విడిగా చూడాలి అంది. 2020లో వ్యవహారం ముగిసేసరికి చాలా వాడకాలు ఫెయిర్ యూజ్‌గానే నిలిచాయి. అవి ప్రొఫెసర్లు తమ క్లాసు విద్యార్థులకు మాత్రమే పాస్‌వర్డ్ వెనక పెట్టిన భాగాలని గుర్తుంచుకోండి. మొత్తం పుస్తకాన్ని మూడొందల మంది గ్రూపులో వేయడానికి అది కవచం కాదు. ప్రొఫెసర్ స్లైడ్లను, పరీక్ష ప్రశ్నలను హోంవర్క్ సైట్లకు ఎక్కించినా అంతే. కాపీరైట్‌తో పాటు అకడమిక్ నిజాయితీ కేసు కూడా తోడవుతుంది.

పరిశోధనా పత్రాల దగ్గర చట్టం కంటే ముందు లైబ్రరీ ఒప్పందం అడ్డొస్తుంది. లైసెన్సు ఒప్పందాలు సాధారణంగా స్క్రిప్టుతో మూకుమ్మడిగా దించుకోవడాన్ని నిషేధిస్తాయి. ఒకే ఖాతానుంచి నిమిషాల్లో వందల పీడీఎఫ్‌లు పోతుంటే ప్రచురణకర్త యంత్రం, యూనివర్సిటీ అందరి తరఫున వాడే ఆ ప్రాక్సీ చిరునామానే మూసేస్తుంది. అంటే క్యాంపస్ మొత్తానికీ ఆ జర్నళ్లు పోతాయి. 2010 అక్టోబరులో ఎంఐటీ నెట్‌వర్క్ మీదుగా ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్ చేసిన భారీ డౌన్‌లోడ్ల వల్ల జర్నళ్ల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్ కొన్ని రోజులపాటు ఆ సంస్థ మొత్తానికి సేవ ఆపేసింది. టెక్స్ట్ మైనింగ్ (పత్రాలను కంప్యూటర్‌తో విశ్లేషించడం) కోసం వేల పత్రాలు కావాలంటే ముందుగా లైబ్రేరియన్‌ను అడగండి. చాలామంది ప్రచురణకర్తలు దానికి విడిగా ఏపీఐ, అంటే ప్రోగ్రాములు డేటా తీసుకునే దారి, ఇస్తారు.

మిత్రులకు పేపర్ పంపాలంటే పీడీఎఫ్ బదులు లైబ్రరీ పేజీలో ఉండే శాశ్వత లింకు పంపండి. వాళ్లు తమ లాగిన్‌తో తెరుచుకుంటారు. లైబ్రరీలో లేని పుస్తకానికి ఇంటర్‌లైబ్రరీ లోన్ ఉంది, వేరే లైబ్రరీనుంచి తెప్పించి ఇస్తారు. స్కాన్ చేసిన అధ్యాయం తరచూ ఒకటి రెండు రోజుల్లో మెయిల్‌కే వస్తుంది. ఇంత మంచి సేవను మనవాళ్లలో వాడుకునేది కొద్దిమందే కావడం విచిత్రం. ల్యాబ్‌లో వందల జీబీ డేటా పంచుకోవాలంటే గ్లోబస్ లాంటి ఫైళ్ల బదిలీ ఏర్పాటు చాలా పరిశోధనా విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది. మధ్యలో నెట్ తెగినా ఆగినచోటినుంచి కొనసాగుతుంది, ఎవరికి అనుమతిచ్చారో రికార్డుంటుంది.

టోరెంట్ అనే పద్ధతి నేరం కాదు. ఉబుంటు, డెబియన్ వంటి ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను, ఇంటర్నెట్ ఆర్కైవ్ సేకరణలను అలా పంచడం పూర్తిగా చట్టబద్ధం. కొన్ని క్యాంపస్‌లు మాత్రం ఏ ఫైలన్నది చూడకుండా ఆ ట్రాఫిక్‌నే ఆపేస్తాయి. అలాంటిచోట లినక్స్ ఐఎస్‌ఓను (ఇన్‌స్టాల్ ఫైలును) దగ్గర్లోని మిర్రర్ సర్వర్, అంటే అదే ఫైలు నకలున్న సర్వర్ నుంచి మామూలుగా దించుకుని, విడుదల పేజీలో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ విలువతో సరిచూసుకుంటే సరిపోతుంది. విండోస్‌లో దానికి సర్ట్‌యుటిల్ ఆదేశం ముందే ఉంటుంది, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు.